నాలుగో పిల్లరు

వంతెన మధ్యలో, రెయిలింగ్ పక్కన, పిల్లర్ల దగ్గరికి దించే ఇనుప బుట్ట దగ్గర బావమరిది. ఒడ్డున కంట్రోల్ గదిలో, తెర ముందు బావ. ఇద్దరి మధ్యా ఫోను, బావమరిది చెవిలో ఇయర్‌ఫోన్.

"వంతెన గేట్లు మూయనని చెప్పానా లేదా?"

"ఒక్క గంట మూయి బావా. నాలుగో పిల్లరు మీది సెన్సార్ పొద్దుట్నుంచీ మొత్తుకుంటోంది, అదురు ఎక్కువైందని. నీ తెర మీద ఎర్రగా కనబడటం లేదా?"

"కనబడుతోంది. పోయినసారీ ఇలాగే కనబడింది. ఏమైంది? సెన్సార్ పెట్టెలోకి నీళ్లు పోయాయి, అంతే. వంతెన రాయిలా ఉంది."

"ఇది కొత్త పెట్టె."

"దానికీ నీ బుద్ధే వచ్చినట్టుంది. మిగతావన్నీ నోరు మూసుకుని ఉంటే ఇదొక్కటే అరవడమేమిటి?"

"అవి ఒకదాని కబురు ఒకటి గాలిలో మోసుకొస్తాయి గానీ, ఒకదాని నొప్పి ఇంకోదానికి తెలియదు బావా."

"వేదాంతం ఆపు."

"సరే. రెండో పిల్లరు మీది మంచిదే కదా? విప్పి తెచ్చాను. దాన్ని నాలుగో పిల్లరుకి బిగిస్తాను. అదీ అరిస్తే తప్పు పెట్టెది కాదు, పిల్లరుది. అప్పుడైనా నమ్ముతావా?"

"నువ్వు బుట్ట ఎక్కకు."

"ఎక్కేశాను."

"దిగు."

"దిగుతూనే ఉన్నాను. కిందికి."

"వెటకారమా?"

"నీతో ఇంకెలా మాట్లాడాలి? అక్క పోయాక మా గడప తొక్కలేదు. అమ్మ క్యారేజీ పంపితే మూత కూడా తీయకుండా తిప్పి పంపావు."

"మీ అక్క ఊసెత్తకు."

"అది నీకు పెళ్లాం కాకముందే నాకు అక్క."

"ఆ రోజు మూయమన్నది నువ్వు. మూశాను. అంబులెన్సు వాడు గేటు దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. లోపల ఎవరున్నారో చెప్పాడు. ఒక్కసారి ఎత్తండి సార్, క్షణంలో దాటేస్తాను అన్నాడు. ఎత్తలేదు. నీ మాట నమ్మి ఎత్తలేదు. చుట్టూ తిరిగి పొమ్మన్నాను."

"తెలుసు బావా."

"నీకు తెలియదు."

"ఉండు, బోల్టు తీస్తున్నాను."

"ఏమిటా చప్పుడు? పాతది విప్పావా?"

"విప్పాను. ఏటి హోరులో నీ మాట సరిగా వినబడటం లేదు. రెండోది బిగిస్తున్నాను. గట్టిగానే బిగిస్తున్నాలే, నువ్వు అడగక ముందే చెబుతున్నా."

"త్వరగా కానీ."

"అయింది. ఇప్పుడు చూడు. ఏం చూపిస్తోంది? పచ్చా, ఎరుపా?"

"పైకి రా."

"అడిగినదానికి చెప్పు."

"చెప్పేదేం లేదు. పైకి రా."

"ఎరుపే కదా? అంటే నా మీద కోపంతో ఇంతసేపూ జనాన్ని దీని మీద నడిపించావన్నమాట. ఇప్పటికైనా గేటు వెయ్యి."

"ఒరేయ్, నన్ను తర్వాత తిడుదువుగాని. ముందు పైకి రారా."

"వస్తాను, ఒక్క క్షణం ఆగు. పైన ఏదో పెద్ద లారీ పోతున్నట్టుంది. పిల్లరంతా అదురుతోంది, బుట్ట ఒక చోట నిలవడం లేదు. దాన్ని దాటిపోనీ."

"లారీ లేదురా. నువ్వు బుట్ట ఎక్కానన్నప్పుడే రెండు గేట్లూ వేసేశాను. పైన ఏమీ లేదు."