మాస్టారు రాయని ముక్క

బడి మాస్టారిని పోలీసులు తీసుకెళ్లి తొమ్మిది రోజులైంది. ఆయన భార్య ఎదురింటికి వచ్చింది. ఆ ఇంటి పెద్దమ్మ ముందుగదిలో కూర్చుని బొంత కుడుతోంది.

"గుర్తులేదంటే ఎలా పెద్దమ్మా? మీకు గుర్తులేకపోవడమేంటి?"

"వయసొచ్చిందమ్మా. పొద్దున ఏం తిన్నానో సాయంత్రానికి ఉండట్లేదు. ముందు కూర్చో. ఆ పీట లాక్కో. కాళ్లు చూడు ఎలా వాచిపోయాయో, ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగావో ఏమో."

"నా పెళ్లిలో మా నాన్న చేతిరుమాలు ఏ రంగుదో మొన్ననే చెప్పారు."

"అది వేరు. నీలంది. ఓ మూల ఇస్త్రీ కాలిన మచ్చ. దాన్నే తిరగేసి బోర్లేసి కళ్లు తుడుచుకున్నాడు పాపం."

"రుమాలు గుర్తుంది గానీ కథ గుర్తులేదు!"

"ఏ కథని గుర్తుపెట్టుకోను తల్లీ? వెయ్యి చెప్పుంటాను."

"దేవుడు వానలో తడుస్తూ ఓ ఇంటికొస్తాడు. ఆ ఇల్లాలికి ఆయనెవరో తెలీదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, కాస్త పట్టుకోవయ్యా అని చంటిపిల్లని ఆయన ఒళ్లో పడేసి లోపలికి పరిగెడుతుంది. పిల్లేమో..."

"ఒళ్లంతా తడిపేస్తుంది. తడిపేసి బోసినోటితో నవ్వుతుంది, నీకిదే దక్కింది పో అన్నట్టు... అంటే, నువ్వు చెబుతుంటే తట్టింది."

"పెద్దమ్మా."

"ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టమ్మా. నా కళ్లు..."

"ఎక్కిస్తాను. ముందు నా మాట వినండి. మా ఆయన ఆ కథ ఇక్కడే, మీ మంచం పక్కన కూర్చుని రాసుకున్నారు. బడి గోడపత్రికలో పెట్టారు. దేవుణ్ణి కించపరిచాడు, భక్తుల మనసులు గాయపడ్డాయని ప్రార్థన కమిటీ వాళ్లు కేసు పెట్టారు. ఇవాళ్టికి తొమ్మిది రోజులు."

"తెలుసమ్మా. మీ వాకిట్లో మాస్టారి చెప్పులు లేవని రోజూ చూస్తూనే ఉన్నా."

"ఈ కథ నీకెవరు చెప్పారని పోలీసులు అడుగుతుంటే, నేనే అల్లాను అంటున్నారట. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మీ పేరు రానివ్వట్లేదు."

"పిచ్చి మాస్టారు. నా పేరు వెయ్యొద్దని నేనే అన్నాను. గోడల మీద నా పేరెందుకూ, నేనేమన్నా ఎలక్షన్లో నిలబడ్డానా అన్నాను. నవ్వాడు."

"ఆయన అల్లింది కాదు, తాతల నాటి కథ అని తేలితే చాలట. ప్లీడరు గారు కాగితం రాసిచ్చారు. ఈ కథ నాది, మా అమ్మ చెప్పింది, డెబ్బై ఏళ్లుగా అందరికీ చెబుతున్నాను అని. కింద మీ వేలిముద్ర ఒక్కటి. అంతే."

"మా అమ్మ కాదు, మా నాయనమ్మ."

"చూశారా, గుర్తుంది!"

"మోకాళ్లు పట్టేశాయమ్మా. కోర్టు మెట్లు ఎక్కలేను."

"బండి మాట్లాడతాను. కావాలంటే ఎత్తుకెళతాను. మీ అబ్బాయికి భయపడుతున్నారా? ప్రార్థన కమిటీలో ఉన్నాడు, ఫిర్యాదులో సంతకం చేసే ఉంటాడు. పేర్లున్న కాగితం మాకింకా ఇవ్వలేదు. పోనీలెండి, నేనేమీ అనను."

"వాడు ఈ కథ వింటూనే నిద్రపోయేవాడు చిన్నప్పుడు. ప్రార్థన చేయించే పెద్దాయన ఉండేవాడు చూడు, ఆయన కూడా వచ్చి మళ్లీ చెప్పమ్మా అని చెప్పించుకుని, కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఒక్కళ్లకీ నొప్పి పుట్టలేదు అప్పుడు."

"మరిప్పుడేమొచ్చింది? నోట్లో ఉంటే కథా, గోడ మీదుంటే కేసా?"

"నన్నడిగితే ఏం చెప్పను? నాకు అక్షరం ముక్క రాదు."

"ఇంకో వింత వినండి. ఫిర్యాదులో వాళ్లు పట్టుకుని ఊగుతున్న మాట మా ఆయన రాయనే లేదు! దేవుడు నీళ్లతొట్టి దగ్గర చతికిలబడి తన బట్ట తనే ఉతుక్కున్నాడట. ఆరేదాకా మొలకి గుడ్డ లేకుండా చూరు కింద కూర్చున్నాడట. బెయిలు రానివ్వనిది ఆ ముక్కేనట. పోలీసులు గోడపత్రిక చించేశారు గానీ చిత్తుకాగితం ఇంట్లో ఉంది. పిల్ల నవ్వింది, అక్కడితో ఆపేశారు ఆయన. ఎవరు కల్పించారో, ఏ జన్మ కక్షో!"

"మంచినీళ్లు తాగుతావా?"

"నీళ్లొద్దు. ఇదిగో, ఇంకు కూడా తెచ్చాను. చెయ్యి ఇటివ్వండి."

"నా వేలు పనికిరాదమ్మా."

"వేలు పనికిరాకపోవడమేంటి?"

"ఆ కాగితం మీద పడిపోయింది."

"ఏ కాగితం?"

"వాళ్లది. మావాడు తెచ్చాడు. పెద్ద వయసు భక్తురాలి ముద్ర ఉంటే బరువుంటుందన్నాడు. వెయ్యకపోతే కమిటీలో తలెత్తుకోలేనమ్మా అన్నాడు. వేశాను."

"మీరా?"

"నేనే."

"మీరు... ఆగండి. ఆగండి. మీకు చదవడం రాదు కదా! ఏ పింఛను కాగితమో అని చెప్పి వేయించుకుని ఉంటారు. అంతే. అదే చెబుదాం జడ్జిగారికి. అందులో ఏముందో నాకు తెలీదనండి, చాలు. అలాగే కదా జరిగింది? పెద్దమ్మా, తలొంచుకోకండి. నా మొహం చూసి చెప్పండి, అలాగే కదా?"

"అలా చెప్పేస్తే నాకూ బాగుండును తల్లీ. కానీ మావాడు ఆ కాగితం మొత్తం, అందులో కథతో సహా, చదివి వినిపించాడు. పిల్ల నవ్విందనేసి ఆపేశాడు. ఇదేంట్రా, కథ సగంలో వదిలేశారు, దేవుడు బట్ట ఉతుక్కోవద్దూ అని... ఆ ముక్క నేనే చెప్పి అందులో రాయించాను."