నాన్న రంపానికి పదును

"మా అన్న లోకనాథ్ స్థలమంతా కాజేసి, నాన్న రంపం నా మొహాన కొట్టాడు బాబాయ్. దీనితోనే ఆ స్థలంలో పనస చెట్టు పడగొడతాను. పదును పెట్టడం నేర్పు."

ధవళేశ్వరం కాలవ పక్కన ముసలి వడ్రంగి పాకలో మధ్యాహ్నపు ఎండలో రంపపు పొట్టు తేలుతోంది. రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి ఆకురాయి అందుకున్నాను.

"కోపంగా రుద్దకురా. ఒకవైపు పళ్ళు ఎక్కువ అరిగితే కోత పక్కకి పోద్ది. పన్ను విడిచి పన్ను, ముందుకే తొయ్యి. కళ్ళు మూసుకుని చప్పుడు విను."

"కళ్ళు మూస్తే వేళ్ళు తెగవా?"

"ముందు ఆ నోరు ముయ్యి, వేళ్ళ సంగతి నేను చూస్తాలే."

చాలాసేపు రుద్దాను.

"ఏంట్రా, ఆపేశావ్?"

"ఈ చప్పుడు నాకు తెలుసు బాబాయ్. ఆ పనస చెట్టు కిందే నాన్న రంపానికి పదును పెట్టేవాడు. చిన్నప్పుడు పక్కన పొట్టులో పడుకునేవాణ్ణి. చప్పుడు ఆగితే మెలకువొచ్చేసేది."

"అయితే ఆపకు."

మళ్ళీ రుద్దాను. కాలవ నీళ్ళూ ఆ చప్పుడూ ఒకటైపోయాయి.

"ఇక చాలు, పదునెక్కింది. మరి చెట్టో?"

"చెట్టుని ఉండనీ బాబాయ్. లోకనాథ్‌ని మాత్రం క్షమించను. నాకు పోయింది ఎనిమిదిన్నర సెంట్లు."