ఫర్హానాకి మూడో మనిషి

నా పదవీ విరమణ సభ నడుపుతున్న హెడ్మాస్టరు వెంకయ్య గారికీ, ఇంత ఎండలో ఒంగోలు నుంచి వచ్చిన డిప్యూటీ డీఈవో గారికీ, ఈ పర్చూరు హైస్కూల్లో నాతోపాటు సుద్దముక్కల దుమ్ము పీల్చిన తోటి ఉపాధ్యాయులకూ, పెద్దలకూ, మిక్చరు పొట్లాలు ఎప్పుడు పంచుతారా అని చూస్తున్న పిల్లలకూ మీ తెలుగు మాస్టారు జాన్ బాషా నమస్కారాలు. (నవ్వులు)

ఇందాక మాట్లాడిన మార్కు మాస్టారు, నేను ఏ పిల్లాడినీ కొట్టలేదని నన్ను మెచ్చుకున్నారు. అదిగో, పత్తి వ్యాపారం చేస్తున్న నా పాత శిష్యుడు సుభానీ ఆ మూల నవ్వుతున్నాడు, నిజం వాడికి తెలుసు. (నవ్వులు) సంతోషకుమారి మేడమ్ మాత్రం నిష్ఠూరమాడారు. "బాషా మాస్టారు ఏ పెళ్లికీ రారండి, విహారయాత్రకీ రారండి, బెల్లు కొట్టగానే సైకిలెక్కేస్తారండి. మేమేం తప్పు చేశామో ఇంతవరకూ చెప్పలేదండి" అన్నారు. తప్పు మీది కాదమ్మా. చెబుదామంటే దానికో పేరుండాలి కదా, అదేమిటో పోయినేడాది దాకా మాకే తెలియలేదు.

మా అమ్మాయి ఫర్హానాకి ఇరవై ఏడేళ్లు. తెలివి తక్కువేం కాదు, నాకన్నా ఎక్కువ చదువుతుంది. కానీ స్టీలు గ్లాసు కింద పడితే మనకు చప్పుడు, తనకు దెబ్బ. చొక్కా కుట్లు ఒంటికి గీరుకుంటాయని బట్టలు తిరగేసి వేసుకుంటుంది. కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో ఆ ఘాటుకి తలుపులన్నీ మూసుకుని కూర్చుంటాం. పాపం పక్కింటావిడ దిష్టి తీస్తానని అవే మిరపకాయలు నిప్పుల్లో వేసింది. పిల్ల కేకలు పెడుతుంటే, దిష్టి పోతోందని సంతోషించింది కూడా.

గుంటూరు బ్రాడీపేటలో మేం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. ఒకాయన నిద్రమాత్రలిచ్చాడు, పిల్ల నిద్రపోయింది, జబ్బు పోలేదు. ఇంకొకాయన "పెళ్లి చేసెయ్యండి మాస్టారూ, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. ఎవరికి సర్దుకుంటాయో చెప్పలేదు.

మాది దూదేకుల ఇల్లు. దూది ఎంత తేలిగ్గా పొంగితే మా వాళ్లకంత గొప్ప. పిల్లకు ఏదీ తగలకూడదు కాబోలని మా అమ్మ దూదిని ఏకిందే ఏకి, గాలిలా తేలే బొంతలు కుట్టేది. ఫర్హానా ప్రతిదాన్నీ విసిరికొట్టేది. మా అమ్మకు కళ్లనీళ్లు. చివరికి, ఏకడానికి పనికిరాదని మూలన పడేసిన ఉండలు కట్టిన బరువు బొంత లాక్కుని, మే నెలలో దాని కింద దూరి హాయిగా నిద్రపోయింది. దయ్యం పట్టిందన్నారు చుట్టాలు. పోయినేడాది హైదరాబాదులో ఒక డాక్టరమ్మ ఆ సంగతి విని, "బరువు ఒంటిని నెమ్మదిపరుస్తుందండి. ఇది పిచ్చి కాదు. మనకు కొంచెంగా తగిలేవి ఈ అమ్మాయికి ఎక్కువగా తగులుతాయి" అంది. ఆ మాటకి మా ఆవిడ జైతున్‌బీ అక్కడే ఏడ్చేసింది. ఇవన్నీ తట్టుకునేలా తర్ఫీదు ఇప్పించండమ్మా అన్నాను. "చిన్నపిల్లలకైతే ఇస్తున్నామండి. ఈ వయసు వాళ్లకి ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు" అంది.

అలిసిపోయానండి. ఇవాళ శాలువా కప్పి మాస్టారు ఇంక విశ్రాంతి తీసుకోవాలన్నారు గానీ, నాకు యాభై ఎనిమిది, మా ఆవిడకి షుగరు. ఫర్హానా దగ్గర ఎలా మసలుకోవాలో తెలిసినవాళ్లు మేమిద్దరమే. మా తర్వాత ఎవరు అన్న ప్రశ్నకు నేనెక్కిన మెట్లలో ఎక్కడా జవాబు దొరకలేదు.

బయట పాత విద్యార్థులు పూల జీపు, బ్యాండు మేళం, టపాకాయలు సిద్ధం చేశారని ఇప్పుడే చెప్పారు. మాస్టారిని ఊరేగింపుగా ఇంటికి చేర్చడం మన ఆనవాయితీ, కాదనను. మీ అభిమానానికి దండం పెడతాను, మేళాన్ని మాత్రం పంపించెయ్యండి నాయనా. నేను సైకిలు మీద వెళ్తాను.

దానికి బదులుగా ఒకటి అడుగుతాను. మీలో ఎవరైనా, ఒక్కరు, వారానికోసారి మా ఇంటికి రండి. సెంటు రాసుకోకండి, గట్టిగా పిలవకండి, బుగ్గ నిమరకండి. వచ్చి ఫర్హానా గదిలో ఓ పక్కన కూర్చుని మీ పేపరు మీరు చదువుకోండి. మొదట్లో గోడవైపు తిరిగి కూర్చుంటుంది, నొచ్చుకోకండి. మానకుండా వస్తే ఏదో ఒకనాడు తనే ఇటు తిరుగుతుంది. మా ఇద్దరి దగ్గరా అలాగే తిరిగింది.

మీరు చేసిన ఈ సత్కారానికీ, ఓపిగ్గా విన్నందుకూ అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ బడి నుంచి మాత్రమే రిటైరయ్యాను. మా అమ్మాయి ఎప్పుడైనా మీలో ఒకరి వైపు తిరిగి కూర్చున్న రోజున ఇంట్లో కూడా రిటైరవుతాను. అప్పటిదాకా నాకు విశ్రాంతి లేదు. సెలవు.