దాచిన బిందె

మంచంపట్టిన ముప్పయ్యేళ్ల కొడుకు కునుకు తీస్తుండగా, పెరట్లో కొట్టి పడేసిన కొబ్బరిబొండం తల్లి కంటబడింది. అరుగు మీదున్న భర్త దగ్గరికి విసురుగా వచ్చింది.

“ఇది ఎవలు తాగినారు?”

“ఆడే. నానే ఇచ్చినాను.”

“మతిపోనాదా మావా? కిడ్నీలు పోయినోడికి బొండం నీళ్లు విషమని డాక్టరు సెప్పనేదా? రోజుకి రెండు గ్లాసులు మించి మంచినీళ్లే ఇవ్వొద్దన్నాడు కదా!”

“మొన్న పలాసలో ఇంకో మాట సెప్పినాడు.”

“ఏటన్నాడు?”

“ఇంక మందుల్లేవు, ఇంటికి తీసుకెళ్లి అడిగింది పెట్టమన్నాడు.”

“మొన్న సెప్తే ఇయ్యాలా నాకు సెప్తన్నావు? మూడు రోజులనుంచి ఆడు దాహం అమ్మా అని ఏడుత్తంటే నాను బిందె దాసేసినాను! అప్పుడు నీ నోరేటైపోనాది?”

“సెప్పలేకపోనాను.”

“ఆ కత్తి ఇలాగియ్యి. ఆడు లేసేసరికి ఇంకోటి కొట్టాల.”