తలుపు మీద అతికించిన కాగితం

హలో… ఆ, నేనే. నా ఫోన్లో ఇంకెవరు పలుకుతారక్కా.

…ఇంట్లో లేను. చప్పుడు వినబడుతూనే ఉందిగా. పక్కింటి పిన్నిగారిని నీ పిల్లల దగ్గర కూర్చోబెట్టి వచ్చాను. పాలు తాగేశారు. చిన్నదానికి జడ కూడా వేశాను. యూనిఫాంలు ఉతికి ఆరేశాను. అన్నీ చేసే వచ్చాను, నాకది కొత్తేం కాదు.

…టైలరమ్మ కొట్లో ఉన్నాను. కొలతలు తీసుకునే గదిలో.

…బట్టలు కుట్టించుకోవడానికి కాదు. పరీక్ష రాయడానికి.

ఆ, పరీక్షే, ల్యాప్‌టాప్‌లో రాసేది. పోయిన శనివారం రద్దయిందే, ఆ పేపరే. డిగ్రీకి మిగిలింది అదొక్కటే. ఇవాళ నాలుగింటికి మళ్ళీ రాయనిస్తున్నారు. ఇంకో పావుగంట ఉంది.

…చెప్పలేదు. కావాలనే చెప్పలేదు.

ఎందుకని నన్నే అడుగుతున్నావా…

లేదు, అరవడం లేదు. ఇది అరుపు కాదు. అరిస్తే కొట్టంతా వినబడుతుంది.

…నీకు ఆ రూలు ఎన్నిసార్లు చెప్పానక్కా? పరీక్ష రాసేటప్పుడు కెమెరాలో నా ముఖం ఒక్కటే ఉండాలి. రెండో ముఖం కనిపిస్తే కంప్యూటర్ దానంతటదే ఆపేస్తుంది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. లోపలికి రావద్దని తలుపు మీద కాగితం కూడా అతికించాను. పెద్దాడు దాని మీద నోటికి వేలు అడ్డం పెట్టుకున్న పిల్లి బొమ్మ వేశాడు. అది నీకు కనబడలేదు—

…ఆ, అదే మాట. "కాగితం ఊడిపోయినట్టుంది, చూసుకోలేదే, ఇస్త్రీపెట్టె కోసం వచ్చాను." ఆ రోజూ అదే అన్నావు.

నేను నమ్మాను.

నమ్మి ఏం చేశానో తెలుసా… నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. నువ్వు నా తల నిమిరావు. "పోనీలేవే, వచ్చే ఏడాది రాసుకుందువుగాని" అన్నావు. నీ ఒళ్ళోనే అక్కా. ఇంకెవరి ఒళ్ళో అయినా ఇంత మండేది కాదు.

…మాట మార్చకు. పెద్దాడి హోంవర్క్ సంగతి పిన్నిగారు చూస్తారు.

విను. పరీక్ష ఎందుకు రద్దయిందో చూపించమని కాలేజీకి అర్జీ పెట్టాను. మొన్న వీడియో పంపారు, నా తప్పు లేదని మళ్ళీ రాయమన్నారు.

…హలో?

ఉన్నావా?

…ఆ. మొత్తం చూశాను. కెమెరా నా ముఖాన్నే కాదు, నా వెనక తలుపుని కూడా చూస్తుందని నీకు తెలీదు. తలుపు సగం తెరుచుకుంది. ఒక చెయ్యి కనబడింది. మణికట్టు మీద కాలిన మచ్చ ఉన్న చెయ్యి. గోరుతో టేపు గీకుతోంది. ఒక మూల… రెండో మూల… నాలుగూ. ఎంత ఓపికగా తీశావు. చిరగకుండా. మడిచి నైటీ జేబులో పెట్టుకున్నావు. తర్వాత లోపలికొచ్చి నా కుర్చీ వెనక నించున్నావు. నేను తల తిప్పలేదు, తిప్పితే అదొక తప్పు. అదీ నేనే చెప్పాను నీకు. నువ్వేమో కెమెరా వంక చూశావు. సూటిగా. ఇస్త్రీపెట్టె ఎక్కడుందో వెతకనైనా వెతకలేదు.

…

ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకింకా ఒళ్ళు మండుతుంది.

…అవును, గుర్తుంది. మా ఆయన్ని వదిలేసి బట్టల సంచితో వచ్చిన రోజు తలుపు తీసింది నువ్వే. బావ గొణిగితే నోరు మూయించింది కూడా నువ్వే. మర్చిపోయానని నేనెప్పుడైనా అన్నానా? కానీ ఇంకా ఎన్నేళ్ళు గుర్తుచేస్తావు దాన్ని… నాలుగేళ్ళుగా బస్సు ఎక్కాలన్నా నీ పర్సు వంక చూస్తున్నాను. తలనొప్పి మాత్రకి కూడా లెక్క చెప్తున్నాను. నువ్వు అడగవు, నిజమే. నేనే చెప్తాను. అడక్కుండానే చెప్పుకునే మనిషినయ్యాను, చూశావా?

చదువుకోమన్నది నువ్వు కాదూ. పాలు పొంగిపోయిన రోజు విసుక్కుని, "ఎన్నాళ్ళే ఇలా నా కొంపలో, ఏదో ఒకటి చదువుకుని నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు" అనలేదూ. చదివాను. మూడేళ్ళు. ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో కోడింగ్. వంటగట్టు మీద పెట్టి పెట్టి ల్యాప్‌టాప్ కీల నిండా పిండే. కంపెనీ వాళ్ళు కూడా సరేనన్నారు, డిగ్రీ చేతికి రాగానే చేరమన్నారు. తీరా నిలబడబోతే—

…ఏంటీ?

గట్టిగా చెప్పు, మిషన్ల చప్పుడు.

…

వెళ్ళిపోతాననా.

ఉద్యోగం రాగానే నిన్నూ పిల్లల్నీ వదిలేసి వెళ్ళిపోతాననా. అందుకా?

…

అక్కా, అది ఏం ఉద్యోగమో ఒక్కసారైనా అడిగావా నువ్వు? ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం. ఏ ఇంట్లో అనుకున్నావు? నీ ఇంట్లోనే. ఆ వెనక గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకుందామనుకున్నాను. పోయిన వేసవిలో ఆఫీసుకెళ్ళే ఉద్యోగం ఇస్తామంటే నేనే వద్దన్నాను. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి తలుపు తీయడానికి ఎవరూ ఉండరని. వెతికి వెతికి, ఇల్లు కదలక్కర్లేని పని పట్టుకున్నాను. నీ కోసం. ఆ పిల్లల కోసం.

…లేదు, ముందే చెప్పాల్సింది. అది నా తప్పే. మొదటి జీతం చేతికొచ్చాక చెబుదామనుకున్నాను.

…

ఇప్పుడా? ఇప్పుడు తెలీదక్కా. నా వెనక తలుపు తెరుచుకుంటుందేమోనని చూసుకుంటూ ఎలా పని చేస్తాను? నువ్వే చెప్పు.

…వద్దు. ఇక్కడికి రావద్దు. వస్తే ఊరుకోను, నిజంగానే చెప్తున్నాను. టైలరమ్మ బయట స్టూలు వేసుకుని కూర్చుంది. ఆవిడకి రూలు ఒక్కసారే చెప్పాను. గదిలో నిలువుటద్దం ఉంటే, "ఇందులో నీ ముఖం రెండోది అవుతుందేమోనమ్మా" అని ఆవిడే లైనింగు గుడ్డ కప్పింది. నాకసలు తట్టనే లేదు. నిన్నటిదాకా నా పేరు కూడా తెలీదు ఆవిడకి.

…సరే. టైమైంది. ఫోను ఆపేసి కెమెరాకి చూపించాలి.

కాదు, కోపంతో పెట్టేయడం కాదు. రూలు. కోపమూ ఉందనుకో.

…అక్కా, ఒక్క మాట. ఆ కాగితం పారేశావా?

…

నీ బీరువాలోనా. సరే, ఉంచు. పెద్దాడి పిల్లి బొమ్మ ఉంది దాని మీద. వచ్చి తీసుకెళ్తాను.

నా గది తలుపుకి కావాలి.

…ఏ గదో ఇంకా చూసుకోలేదు.

ఉంటాను.