కైలాసం వెనక్కి తిప్పిన దినం

గోపమ్మ చాయ్ బండి దగ్గరికి సైదులు వచ్చిందే ఒక్క మాట చెప్పిపోదామని. కూతురు లతకు పుట్టిన పాపకు రేపు ఇరవై ఒక్కదినం, తొట్లె కట్టి అందులో వేస్తున్నాం, రావాలె అని. అర నిమిషం పని. కానీ బెంచీ మీద కైలాసం ఉన్నాడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు గుమస్తా. నోరు తెరవడమే గాని మూయడం నేర్వని మనిషి.

అసలు ఆ తేదీ చూసిపెట్టిందీ కైలాసమే. ఫిబ్రవరికి రోజులు తక్కువ, లెక్క తప్పుతుందేమోనని సైదులు పోయి పోయి ఇతన్ని అడిగాడు. కైలాసం ఫోన్లో తేదీల లెక్క కట్టేదేదో తెరిచి, టకటకా నొక్కి, మార్చి ఐదు అన్నాడు. కోదాడ వియ్యంకులకు కబురు పోయింది. విందుకు కోసే యాటను కూడా రేపటికే మాట్లాడుకున్నాడు. మొదటి మనుమరాలు, దినం తప్పితే ఊరుకోనని భార్య ఆండాలు ముందే చెప్పింది.

"అక్కా, రేపు..." అన్నాడు సైదులు.

"రేపంటె యాదికొచ్చింది," అందుకున్నాడు కైలాసం. "మా మేనల్లుడు మణిదీప్ దుబాయ్‌ల లేడా, ఆనికి గీడికెల్లి ఏ టైముకు ఫోన్ జెయ్యాల్నో ఇంట్ల ఎవ్వలికీ తెల్వది. నేను ఫోన్ల కొట్టి సూసిన. గంటన్నర ఎనక. గంతే, ఇగ ఇంటిల్లిపాదీ నన్నే అడుగుడు."

ఇంతవరకు నిజమే కావచ్చు. ఇక్కడ ఆగితే ఏ గొడవా లేదు. కానీ ఆటో నడిపే బాల్యా "ఆ, తర్వాత?" అన్నాడు. సైదులుకు వాడి నోట్లో బిస్కెట్టు కుక్కాలనిపించింది.

"తర్వాతనా? ఆ ముచ్చట దుబాయ్ కంపెనీల తెలిసింది, ఆడికెల్లి లండన్‌కు పాకింది. నలభై దేశాలోళ్లు మీటింగ్ వెట్టుకుంటె ఒక్కనికీ టైము కుదురుతలేదంట. నాకు ఫోన్ జేసిన్రు. మిల్లుల లారీ తూకం సూసుకుంటనే నలభై దేశాల టైము నోటితోని చెప్పిన. ఇంగ్లీషోళ్లు లేసి నిలవడ్డరు."

"ఫోన్ల నిలవడ్డది నీకెట్ల కనవడ్డది?" అంది గోపమ్మ.

"కుర్సీలు జరిగిన సప్పుడు రాలేదా అక్కా?"

"అక్కా, నాది ఒక్క మాట..." అన్నాడు సైదులు.

"ఆగు సైదులన్నా, అసలుది ఇప్పుడే ఉంది. మొన్న వానకాలం సాగర్‌ల గేట్లు ఎత్తిన్రు సూడు, నీళ్లు వాడపల్లికి ఎప్పుడొస్తయని అడిగిన్రు. నాలుగు గంటల పదిహేడు నిమిషాల తొమ్మిది సెకన్లు అన్న. పోయి ఒడ్డున నిలవడ్డ. నీళ్లు రెండు సెకన్లు ముందుగాలనే వచ్చినయి. ఆగు అన్న. ఆగినయి. టైము అయినంక పో అన్న."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ వినేవాడు బాల్యా అయితే ఇక చెప్పేదేముంది, వాడు రెండో చాయ్ కూడా తెచ్చి కైలాసం చేతిలో పెట్టాడు. యాటాయన కాడికి పోవాలి, టెంటు చూడాలి, సైదులుకు తల వేడెక్కిపోతోంది.

"గిదంత ఒక ఎత్తు. నడి సముద్రంల దినం మారే గీత ఒకటుంటది. ఓడల పోతున్నాయన ఆ గీత దాటిండు, ఆయన పుట్టినరోజు మాయమైంది. ఏడ్సుకుంట నాకు ఫోన్ జేసిండు. లెక్కల తారీఖు ఎనక్కి కొట్టి, దినానికి దినం తిప్పి ఆయన చేతుల వెట్టిన. ఆ దేశంల సూర్యుడు పొడిసినోడు మల్ల పోయి పండుకున్నడు."

"కైలాసం, నీకు దండం వెడత," అని సైదులు అడ్డుపడ్డాడు. "అక్కా, రేపు మా లత బిడ్డకు ఇరవై ఒక్కదినం. వచ్చిపో."

గోపమ్మ గరిటె ఆపింది. "రేపా? ఎన్నడు వుట్టింది?"

"ఫిబ్రవరి పన్నెండు."

ఆమె బొటనవేలితో కణుపులు లెక్కపెట్టింది. "పుట్టిన దినం ఒకటి, మర్నాడు రెండు..." పెదవులు కదులుతూ పోయి ఆగాయి. "ఇయ్యాలనే ఇరవై ఒకటి, సైదులూ. రేపు ఇరవై రెండు."

సైదులు కైలాసం వైపు తిరిగాడు. కైలాసం ఫోన్ తీసి చూసుకున్నాడు. "పుట్టిన దినం గిండ్ల లెక్కకు రాదు. మర్నాటి సంది వట్టుకుంటది. గీడ ఒక డబ్బీ ఉంటది, టిక్కు వెట్టాలె, మర్సిన."

"పుట్టిన దినం లెక్కకు రాకుంటె పిల్ల పుట్టనట్టేనా?" అంది గోపమ్మ.

"పరేషాన్ గాకున్రి. రేపు మనకు పొద్దువొడిసినా అమెరికల ఇంక నాలుగో తారీఖే ఉంటది. ఆ లెక్కన రేపు కట్టినా ఇరవై ఒకటే."

"పిల్ల పుట్టింది మిర్యాలగూడ దవాఖాన్ల," అన్నాడు సైదులు. "గా ఓడాయనకు దినం ఎనక్కి తిప్పిచ్చినవ్ గదా కైలాసం. నాకూ ఒక్కటి తిప్పియ్యి. నిన్నటిది."

బాల్యా కూడా ఈసారి "ఆ, తర్వాత?" అనలేదు.

అప్పుడే సైదులు ఫోన్ మోగింది. ఆండాలు. చూసి, ఎత్తకుండానే కైలాసం ముందుకు చాచాడు. "నలభై దేశాలకు టైము చెప్పిన నోరు. మా ఇంటిదానికి తారీఖు చెప్పు."

ఫోన్ మోగుతూనే ఉంది. కైలాసం చాయ్ గ్లాసు బెంచీ మీద పెట్టి, మిల్లుకు టైము అయిందని లేచాడు.