దయ్యం మెల్లగా అన్న మాట

నాటకం అయిపోయింది. జ్వరంతో రాని నటి బదులు ఆ పూట దయ్యం వేషం కట్టిన, బృందానికి బట్టలు కుట్టే అమ్మాయి, తిట్లు తప్పవనుకుంటూ ముఖాన రంగు తుడుచుకుంటోంది. సేనాపతి వేషంలోని పెద్ద నటుడు లోపలికొచ్చాడు.

"ఏమ్మా, ఆ మాట అంత మెల్లగా చెప్పావేం?"

"భయంతో గట్టిగా అనలేకపోయాను బాబాయ్. 'రాజువవుతావు' అన్న ఆ ఒక్క మాటే ఎలాగో అనేశాను."

"ఇన్నాళ్లూ ఆ దయ్యం అదే మాటని ఆజ్ఞాపించినట్టు అరిచేది. నేను రాజుగార్ని చంపేసి, పాపమంతా దానిమీదికి నెట్టేవాణ్ణి."

"మరి, ఇవాళ?"

"ఆ దయ్యం చంపమన్లేదని ఇవాళే తెలిసింది. నా మనసులో ఉన్నదే నా చెవిలో చెప్పినట్టనిపించింది. కత్తి దూశాక, పాపం నెట్టడానికి ఎవరూ దొరకలేదు."

"తప్పయిపోయింది బాబాయ్."

"తప్పా? ఇరవై ఏళ్లుగా వేస్తున్నానీ వేషం. ఆ హత్య చేసింది నేనేనని ఇవాళ మొదటిసారి ఏడ్చానమ్మా."